బండి కట్టుట మొదలు బస్సు మాట్లాడుకొనుట వఱకు

మన సంఘపు వార్షిక సమావేశ సంచికకు ఈ ప్రాంతపు విశ్వబ్రాహ్మణుల చరిత్రమును గూర్చి ఏదైన వ్రాయవలసినదని మిత్రులు కోరిరి. గోత్రములను గూర్చియు, పీఠములను గూర్చియు, శిల్పశాస్త్ర గ్రంథములను గూర్చియు మనవారు ఇదివఱకే పెక్కు వ్యాసములు వ్రాసియున్నారు. వానిని మరల చెప్పుట పిష్టపేషణము. కావున మేము ఒక సామాన్య విషయమును ఎన్నుకొంటిమి. పది ఇండ్లవారు కలిసి జాతరకో, పెండ్లికో, తీర్థమునకో పోవలసి వచ్చినప్పుడు మన పెద్దలు వాహనమును ఎట్లు సమకూర్చుకొనిరి, మనము నేడు ఎట్లు సమకూర్చుకొనుచున్నాము అనునదే ఆ విషయము. ఇదియు ఒక చరిత్రమేనా యని నవ్వువారు నవ్వవచ్చును. ఐనను వాహనమును చేసిన చేతులు మనవి. ఆ వాహనము మీద కూర్చుండుటకు చోటు మనకు ఎన్నడు దొరకినది, ఎవరి దయచేత దొరకినది, ఎంత వెలకు దొరకినది అను ప్రశ్నలు మన కులచరిత్రమున చిన్నవి కావు.

బోయినపల్లి యనగానే పట్టణవాసులు సికింద్రాబాదు చెంతనున్న బోయినుపల్లి యనుకొందురు. మేము చెప్పునది అది కాదు. వేములవాడ రాజరాజేశ్వరునికి సమీపమున, మానేటి పరీవాహమున ఉన్న మన బోయినపల్లి. పూర్వము కరీంనగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. 20వ శతాబ్దమంతయు సిరిసిల్లకు గాని వేములవాడకు గాని రైలు లేదు. కావున ఈ సీమలో పదిమంది కలిసి ప్రయాణము చేయుటయన్నది మొదట బండి కథ, పిదప బస్సు కథ. నడుమ రైలు కథ లేదు.

బండి కథ చెప్పుటకు ముందు వేదము వైపు ఒకమారు చూడవలెను. శ్రౌత గ్రంథములు అగ్న్యాధానమునకు బ్రాహ్మణునకు వసంతమును, క్షత్రియునకు గ్రీష్మమును, వైశ్యునకు శరత్తును విధించి, రథకారునకు వర్ష ఋతువును విధించినవి. ఈ రథకారుడెవడు? రథము చేయు త్రైవర్ణికుడా, లేక ఆ పేరుతో ప్రసిద్ధమైన వేఱు జాతివాడా? జైమిని మహర్షి పూర్వమీమాంసయందు ఆఱవ అధ్యాయపు మొదటి పాదమున ఈ విచారమునకు ఒక అధికరణమునే కేటాయించెను. పదమును విడదీసి చెప్పిన అర్థము కంటె లోకమున రూఢమైన అర్థమే బలవత్తరమని నిర్ణయించి, రథకారుడు ప్రత్యేకజాతివాడే యనియు, వానికి ఆధానమునందు అధికారము కలదనియు సిద్ధాంతము చేసిరి. బండి చేయువానికి శాస్త్రము ఇచ్చిన గౌరవము ఇది. ఊరు ఇచ్చిన గౌరవము ఎట్టిదో ముందు చెప్పెదము.

ఋగ్వేదమునందు సుధన్వుని కుమారులైన ఋభువులు అశ్వినీదేవతలకు రథమును నిర్మించిరి. గుఱ్ఱములు లేక, పగ్గములు లేక, మూడు చక్రములతో తిరుగు రథము ఒకటి వారు చేసినట్లు ఒక సూక్తము స్తుతించుచున్నది. దీనిని చూపి మన యువకులు కొందఱు మోటారు మనవారే కనుగొనిరని సభలలో ఉపన్యసించుచున్నారు. ఎద్దులు లేని బండ్లు నడచునని వీరబ్రహ్మేంద్రస్వాములవారు కాలజ్ఞానమున చెప్పిరన్న జనవాక్యమును దానికి జోడించుచున్నారు. భక్తికి మేము అడ్డు చెప్పము. కాని కవి చేసిన స్తుతి వేఱు, కార్ఖానాలో చేసిన యంత్రము వేఱు. ఋభువుల సూక్తము వలన మనకు తెలియునది ఏమనగా, చేతిపనిచేత దేవత్వమును పొందినవారుగా వేదకవి రథకారులను పొగడెను. ఆ పొగడ్త చాలదా?

అమరకోశమున క్షత్రియవర్గమునందు రథాంగముల పేర్లున్నవి. మేము పాఠశాలలో ఆ భాగమును చెప్పునప్పుడు వడ్లవారి పిల్లలను ముందు బల్లపై కూర్చుండబెట్టెడివారము. ఏలయన ఆ వస్తువులన్నియు వారి యింటి వాకిట ఉండెడివి. నాభి యనగా బండి కుండ, అరములనగా ఆకులు, అక్షమనగా ఇరుసు, ఆణి యనగా ఇరుసు చివరి చీల, ఈషయనగా నొగ, యుగమనగా కాడి. కృతయుగము, కలియుగము అనునప్పటి యుగశబ్దమును, ఎద్దుల మెడపై పెట్టు కాడిని చెప్పు యుగశబ్దమును ఒక్కటేయని చెప్పగా పిల్లలు ఆశ్చర్యపడెడివారు. సంస్కృతము తమ యింటి పెరటిలో పడియున్నదని తెలిసిన పిల్లవాడు దానికి వెఱవడు.

ఇక బండి. కుండకును ఆకులకును నల్లతుమ్మ శ్రేష్ఠము. కొట్టిన కొయ్యను ఆరనిచ్చి, కుండకు తొలులు తొలిచి, ఆకులను దిగగొట్టి, వాని చుట్టును వంపు చెక్కలను కూర్చి చక్రము చేయుట వడ్లవారి పని. దానికి ఇనుప పట్టా వేయుట కమ్మరివారి పని. పట్టాను చక్రపు చుట్టుకొలత కంటె కొంచెము తక్కువగా కట్టి, నేలపై పిడకలు పేర్చి నిప్పు పెట్టి ఎఱ్ఱగా కాల్చుదురు. కాలిన ఇనుము సాగును. అప్పుడు నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రముపై దింపి, సమ్మెటలతో కూర్చి, కడవలతో నీరు పోయుదురు. చల్లారిన పట్టా బిగిసి ఆకులను, చెక్కలను, కుండను ఒక్కటిగా పట్టివేయును. ఆ పొగయు, ఆ ఆవిరియు, కొయ్య బిగియునప్పటి చప్పుడును చూచినవారికి మఱపునకు రావు. వడ్లవాని లోపము పట్టా వేయునాడే బయటపడును. కమ్మరి లోపము వేసవిలో కొయ్య ఎండి పట్టా వదులైనప్పుడు బయటపడును. అందుకే రైతులు ఎండకాలమున చక్రములను చెఱువులో నానవేయుదురు. మహాశివరాత్రి ఎండలు మొదలగు వేళకే వచ్చును గనుక, వేములవాడ జాతరకు పదిదినముల ముందునుండియే మన కొట్టములయందు రాత్రింబవళ్లు పని యుండెడిది. ఊరి బండ్లన్నియు ఒక్కసారిగా వచ్చి నిలిచెడివి.

ఇంత పనికి కూలి యేది? పంటకాలమున కల్లము వద్ద ఇచ్చు మేర. ఏడాది పొడుగున నాగలి చెక్కినందులకు, కఱ్ఱు సాగగొట్టినందులకు, బండి బాగుచేసినందులకు కలిపి కొలిచిన గింజలు. అది న్యాయముగా కొలిచిన ఊళ్లు కలవు, కొలవని ఊళ్లు కలవు. దీనికి పైన వెట్టి. నిజాము రాజ్యపు తెలంగాణమున దొరలును అధికారులును పర్యటనకు వచ్చినప్పుడు రైతు బండి కట్టవలెను, వడ్లవాడు కమ్మరివాడు చెప్పిన పని చేయవలెను, డబ్బు అడుగరాదు. అనగా ఈ సీమలో ఇతరుని కొఱకు వాహనమును సమకూర్చుట యను ఆచారము అద్దెతో కాదు, వెట్టితో మొదలైనది. సవారి కచ్చురము మన చేతిలో పుట్టి గడీ వాకిటికి పోయెడిది. దానికి రంగులు వేసి, గూడు కట్టి, ఇత్తడి గుబ్బలు తాపిన కంచరివారు, వడ్లవారు తమ ఆడువారిని అందులో ఎన్నడును ఎక్కించి యెఱుగరు.

ఈ వెట్టికి వ్యతిరేకముగా ఆంధ్ర మహాసభ పనిచేసిన సంగతి చదువరులకు తెలిసినదే. 1930లో జోగిపేటలో మొదలైన ఆ మహాసభ నాలుగవ సమావేశము 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగెను. రైలు లేని పట్టణమునకు దూరదేశముల ప్రతినిధులు వచ్చి చేరుటయే ఆ దినములలో ఒక పెద్ద పని. సభల చరిత్రములు తీర్మానములను చెప్పును గాని ప్రతినిధులు ఎట్లు వచ్చిరో, వారి బండ్ల ఇరుసులకు కందెన ఎవరు పెట్టిరో చెప్పవు.

మన యిండ్లవారు జాతరకు పోవుట మాత్రము ఇచ్చిపుచ్చుకొను పద్ధతిమీద సాగెడిది. చాల ఇండ్లవారికి సొంతముగా ఎద్దులు లేవు. ఒక రైతుబండి మాట్లాడుకొనుటయన్న, డబ్బు మాట లేదు. ఎద్దులకు మేత, తోలువానికి భోజనము, పిదప ఆ రైతునకు ఒక పని. మా బాల్యమున, అనగా 1960వ దశకపు చివరి యేండ్లలో, శివరాత్రి ముందటి సాయంకాలము బండ్లు వరుసగా కదలెడివి. ముసలివారును పిల్లలును బండిలో. మగవారు వెంట నడక. మ్రొక్కుబడి కోడె బండి వెనుక కట్టబడి వచ్చును. ధర్మగుండమున స్నానము, కోడెను కట్టుట, జాగరణము, మఱునాటి తిరుగు ప్రయాణము. బండిలో చోటు చాలనప్పుడు దిగి నడువవలసిన మొదటివారు ఎప్పుడును మనవారే. బండి చేసినవాడు బండి దిగవలసి వచ్చుట మాకు అప్పటికి వింతగా తోచలేదు. ఇప్పుడు తోచుచున్నది.

దూరయాత్రలు ధనవంతులకే సాధ్యము. 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూఱుమంది పరివారముతో, పల్లకీలతో, బోయీలతో మన తెలంగాణము మీదుగా పోయి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. వారు వ్రాసిన కాశీయాత్రచరిత్ర తెలుగున సమూహయాత్రకు మొదటి పెద్ద గ్రంథము. బోయీల కూలి, మజిలీలలో దొరకు సామాగ్రి, దారుల మంచిచెడ్డలు అందు ఓపికగా వ్రాయబడినవి. యాత్రకు పెద్దగా నుండువాడు లెక్క వ్రాయవలెనని నేర్చుకొనుటకు నేటికిని ఆ గ్రంథము చాలును. వారు ఇల్లు చేరిన పది యేండ్లకు, 1841 జులై 5వ తేదీన, ఇంగ్లండులో థామస్ కుక్ అనునతడు మద్యపాన నిషేధ సంఘమువారిని సుమారు 500 మందిని తలకొక షిల్లింగు చొప్పున లెస్టరు నుండి లఫ్‌బరోకు రైలులో తీసికొనిపోయెను. అక్కడ ఒక సంఘమువారి ఒక్కదినపు యాత్ర తరువాతి కాలమున ఒక మహావ్యాపారమైనది. ఇక్కడ మన యాత్ర బండి వెనుకనే నడచుచుండెను.

బస్సు అను మాటను గూర్చి ఒక ముచ్చట చెప్పక ముందుకు పోలేము. ఫ్రాన్సుదేశపు నాంట్ పట్టణమున 1826లో బోద్రీ యనునతడు గుఱ్ఱములచే లాగబడు పెద్ద బండిని నడపి దానికి ఓమ్నిబస్ అని పేరు పెట్టెను. 1829లో షిల్లిబీరు అట్టిదానిని లండనులో నడపెను. ఆ మాట లాటిను భాషలోనిది. అందఱికొఱకు అని దాని అర్థము. మన సర్వేభ్యః అనుదానికి సరియైనది. చివర నున్న బస్ అనునది చతుర్థీ బహువచన ప్రత్యయము. సంస్కృతమునందలి భ్యస్ ప్రత్యయమునకు సోదరము. అనగా జనుల నోట ప్రకృతి జారిపోయి ప్రత్యయమే మిగిలినది. మనము బస్సెక్కుచున్నామన్న విభక్తి నెక్కుచున్నామన్నమాట! వ్యాకరణము చదివినవారికి తప్ప ఇతరులకు ఇందు రుచి యుండదని యెఱుగుదుము, క్షమింతురు గాక. కాని ఆ పోయిన ప్రకృతిలో ఒక ధర్మము కలదు. బస్సు అందఱికొఱకు పుట్టినది. అది ఊరి దొర కచ్చురము కాదు. టిక్కెట్టు కొన్నవానిని నీవు ఏ కులమువాడవని అడిగి దింపుటకు అందు వీలు లేదు.

నిజాము ప్రభుత్వమువారు 1932 జూన్ నెలలో రైల్వేశాఖకు అనుబంధముగా రోడ్డు రవాణా శాఖను స్థాపించి 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభించిరి. ఆల్బియన్ బస్సులు తెప్పించిరి. బస్సుల సంఖ్యాఫలకముపై గల జెడ్ అను అక్షరము నిజాము తల్లి జహ్రాబేగము పేరునకు గుర్తని జనులు చెప్పుకొందురు. 1951 నవంబరు 1న ఆ శాఖ రైల్వే నుండి వేఱై హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వమునకు వచ్చెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునకు ప్రత్యేక సంస్థ వచ్చెను. కోస్తా జిల్లాలలో ప్రైవేటు యజమానుల బస్సులు తిరుగు దినములలోనే మన జిల్లాలలో బస్సు అనిన సర్కారుదే యను తలంపు స్థిరపడుటకు ఈ చరిత్రమే కారణము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కఱవై ఆ కోస్తా బస్సులు బొగ్గుపొయ్యిని వెనుక తగిలించుకొని నడచిన కథ పెద్దలు చెప్పగా వినియుందుము.

ఆ కాలపు బస్సులను గూర్చి మన కులమువారు గమనింపవలసినది ఒకటి కలదు. యంత్రమును చట్రమును పరదేశము నుండి వచ్చెడివి గాని, పైగూడు కొయ్య చట్రముతో ఇక్కడనే కట్టబడెడిది. టేకు దూలములు కోసి, రేకు తొడిగి, బల్లలు బిగించుట వడ్లపనియు కమ్మరపనియు కలిసినదే. కచ్చురమునకు గూడు కట్టినవారి బిడ్డలకు బస్సునకు గూడు కట్టుట క్రొత్తవిద్య కాలేదు. పిదప ఇనుప గొట్టములు, అల్యూమినియము రేకులు వచ్చి ఆ పనియు పెద్ద కార్ఖానాలకు పోయెను. హైదరాబాదు మియాపురమున ప్రభుత్వ రవాణా సంస్థ బస్సుల గూళ్లు కట్టు కార్ఖానా నెలకొల్పెను. ఊళ్లలో ఎద్దుబండికి రబ్బరు టైర్లు వచ్చెను, ఆ వెనుక ట్రాక్టరు వచ్చెను. పిడకల నిప్పు ఆఱిపోయినది. పల్లెలలో చక్రము చేయగల వృద్ధులు ఇప్పుడు వేళ్లపై లెక్కింపదగినవారు.

సర్కారు బస్సు అందఱిది గనుక మనము కోరినప్పుడు, కోరిన చోట నిలువదు. పదియిండ్లవారు ఒక్కటిగా పోవలెనన్న మొత్తము వాహనమును మాట్లాడుకొనవలెను. శాసనము ఈ రెంటికిని గల భేదమును 1939 మోటారు వాహనముల చట్టము నాటినుండియు పాటించుచున్నది. 1988 చట్టమును అట్లే చెప్పుచున్నది. ప్రయాణికులొక్కొక్కరి వద్ద వేఱువేఱుగా కిరాయి తీసికొని మజిలీ మజిలీకి ఎక్కించుచు దించుచు పోవునది ఒక తరగతి. ఒక ఒప్పందముపై మొత్తము వాహనమును ఇచ్చి, ఒప్పందములో లేనివారిని దారిలో ఎక్కించుకొనకుండ పోవునది రెండవ తరగతి. ఆఱుగురికి మించి పండ్రెండుగురికి మించకుండ పట్టు వాహనమును మాక్సీక్యాబ్ అని 1988 చట్టము పేరుపెట్టి ఈ రెండవ తరగతిలో చేర్చెను. రవాణా సంస్థవారును పెండ్లిండ్లకు, యాత్రలకు బస్సులను అద్దెకు ఇత్తురు. వారి పరిభాషలో అద్దెబస్సు అనిన వేఱర్థమును కలదు: ప్రైవేటువారి వద్ద సంస్థయే అద్దెకు తీసికొని నడపు బస్సు. మాట్లాడుకొనుటకు పోయినవారు ఈ మాట తారుమారై తికమకపడుట మేము చూచితిమి.

పల్లెలకు చిన్నబస్సు వచ్చినది 1980వ దశకము నుండి. మెటాడోరు, స్వరాజ్ మజ్దా, 1987లో వెలువడిన టెంపో ట్రావెలరు, ఆ వెనుక తూఫాను బండ్లు. పెద్దబస్సుకు చాలినంతమంది లేనివారికిని, జీపులో ఇమడనివారికిని ఇవి తగినవి. పెండ్లిండ్ల ముహూర్తములలోను, మాఘపౌర్ణమికి మేడారము జాతర జరుగు ఏండ్లలోను వీని వెల రెట్టింపగును. సమ్మక్క సారలమ్మల వద్దకు పోవువారు ముందుగా వేములవాడ రాజన్నను దర్శించు ఆచారముండుటచే, ఆ నెలలో మన దారులపై వాహనములు చీమలబారులే.

ఈ చౌకబేరపు కథలో ఒక దుఃఖకరమైన అధ్యాయము కలదు. వెలకు జంకి పలువురు డీసీఎం వ్యానులలో, ట్రాక్టరు తొట్టెలలో, సరకుల ఆటోలలో పెండ్లిజనమును ఎక్కించుచున్నారు. సరకుల వాహనమున ఎక్కిన ప్రయాణికుల విషయమున బీమా సంస్థకు పరిహారమిచ్చు బాధ్యత లేదని సుప్రీంకోర్టువారు 2002లో తీర్పు చెప్పిరి. దీనిని ఎఱిగినవారు ఎందఱు? ఒక్కదినపు కిరాయిలో మిగిలిన రెండువేల రూపాయల కొఱకు ఇల్లాలికి, పిల్లలకు ఏ ఆధారమును లేకుండ చేసికొనుట మన లెక్కలో లాభమగునా? తెల్లపలకపై నల్లని అక్షరములు గల సొంతబండ్లను కిరాయికి తెచ్చుటయు ఇట్టిదే. కిరాయి వాహనమునకు పసుపుపలక యుండవలెను.

ప్రయాణికుల వాహనమైనంతమాత్రమున ప్రమాదము తప్పునని కాదు. 2018 సెప్టెంబరు 11వ తేదీ, మంగళవారము, ఆంజనేయుని వారము నాడు కొండగట్టు ఘాటుదారిలో బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అందు నూఱుమందికి పైగా ఎక్కియుండిరి. మన పక్క జిల్లా జగిత్యాలలోనే ఒక్కొక్క పల్లెలో పలు చితులు లేచిన ఆ దినమును తలచుకొనిన నేటికిని కలము ఆగును. ఎద్దుబండికి ఒక మేలు గుణముండెడిది. బరువెక్కువైన ఎద్దులు నిలిచిపోవును. తోలువాడు కొందఱిని దింపక తప్పదు. యంత్రము నోరు లేనిది. నలువది మందికి చేసినదానిలో ఎనుబది మందిని ఎక్కించినను అది ముందు మాట చెప్పదు. కావున దింపవలసినది మనిషియే.

2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చినది. అప్పటినుండి మన సంఘములో ఒక క్రొత్త వాదము బయలుదేరెను. మాకు సర్కారు బస్సు ఉచితముగా నుండగా అద్దెబస్సునకు భాగమేల ఇయ్యవలెనని సోదరీమణులు అడిగిరి. న్యాయమైన ప్రశ్న. మొత్తముగా మాట్లాడుకొన్న బస్సునకు ఆ సౌకర్యము వర్తింపదు. వేములవాడకో, ధర్మపురికో పోవుటకు బస్సులు తఱచుగా నున్నవి. అట్టిచోట్లకు వేఱు వాహనము మాట్లాడుట ఆడంబరమని మా యభిప్రాయము. బోయినపల్లి మండలములోనే వరదవెల్లి దత్తాత్రేయస్వామి గుట్టకు పోవలెనన్న బస్సే కాదు, పడవ కావలెను. మాన్వాడ వద్ద కట్టిన మధ్యమానేరు జలాశయము నిండిన పిదప ఆ గుట్ట చుట్టును నీరే. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్లవారు పాత దారులను, పాత కొట్టములను నీటిలో విడిచి వచ్చిరి. వారిలో మనవారును కలరు.

కాని దూరయాత్ర విషయము వేఱు. మనవారికి ముఖ్యమైన యాత్ర కందిమల్లాయపల్లెలోని వీరబ్రహ్మేంద్రస్వాములవారి మఠము. వైశాఖ శుద్ధ దశమి నాడు స్వామివారి ఆరాధన. 1693లో వారు జీవసమాధి పొందిన తిథి అది. బోయినపల్లి నుండి అయిదువందల కిలోమీటర్లకు పైబడిన దారి. మోకాళ్ల నొప్పులు గల ముసలమ్మలను మూడు బస్సులు మార్పించి, నడిరాత్రి స్టాండులలో కూర్చుండబెట్టి తీసికొనిపోవుట కంటె ఇంటివద్ద ఎక్కించి మఠము వద్ద దించు వాహనము మేలు. దారిలో అలంపురమున జోగులాంబను, బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింటిని, స్వామివారు కాలజ్ఞానము వ్రాసిన రవ్వలకొండను, యాగంటిని, అహోబిలమును చూచుచు మూడు దినములలో పోయి రావచ్చును. ఈ చోట్లన్నియు ఒక్క దారిపై కూర్చబడినట్లున్నవి; విడివిడి బస్సులలో ఇవి కుదురవు.

కొన్నియేండ్ల క్రిందట మేము వెంట నడచిన ఒక యాత్రలో జరిగినదానిని చెప్పవలెను. 2014 జూన్ 2 తరువాత ఆ దారి రెండు రాష్ట్రములదైనది. పొరుగు రాష్ట్రమునకు వలసిన అనుమతి పత్రము తీసికొంటినని వాహన యజమాని మాటయిచ్చెను. తుంగభద్ర దగ్గఱకు పోయిన పిదప పత్రము లేదని తేలెను. ముప్పదిమంది ఎండలో నాలుగు గంటలు నిలిచిరి. ఒక వృద్ధురాలు, వయస్సు ఎనుబదికి పైబడినది, చెట్టునీడను కూర్చుండి, మీ తాతల బండియైతే ఎవని కాగితము అడిగెడివారు నాయనా యనెను. నవ్వితిమి గాని, ఆమె మాట సగమే నిజము. తాతల బండిలో ఆమెకు చోటే యుండెడిది కాదు. 2023లో కేంద్ర ప్రభుత్వము అఖిలభారత పర్యాటక వాహన అనుమతి నియమములను క్రొత్తగా చేసెను. ఆ అనుమతి గల వాహనమునకు రాష్ట్రము రాష్ట్రమునకు వేఱు అనుమతి అక్కఱలేదు. కావున మాట్లాడుకొను దినముననే ఆ పత్రమును, సామర్థ్య పత్రమును, బీమాను కంటితో చూచి, నకళ్లు తీసికొనవలెను. రాత్రి ప్రయాణమున్నచో ఇద్దఱు డ్రైవర్లుండవలెను. టోలు, పార్కింగు, డ్రైవరు భత్యము కిరాయిలో చేరినవో లేదో వ్రాతలో నుండవలెను.

భాగములు వేయుట తలకా, ఇంటికా యను తగవు ప్రతి యాత్రలోను వచ్చును. బండ్ల కాలమున ఇంటి లెక్క యుండెడిది. ఇప్పుడు తల లెక్క వేసినచో పిల్లలెక్కువగల పేదయిల్లు వెనుకకు తగ్గును. ఇంటి లెక్క వేసినచో ఒంటరి విధవ నలుగురి భారము మోయును. మా మతమున సీటు లెక్కయే మేలు. ఒడిలోని పిల్లలకు లెక్క లేదు. కొలిమిపై బ్రతుకు వెళ్లదీయు వృద్ధుల భాగమును సంఘపు నిధి నుండి ఈయవలెను. పట్టణములలో స్థిరపడి బంగారుపనిచేతను, ఉద్యోగములచేతను కలవారైన పోషకులు ఈ నిధికి రెండు మూడు సీట్ల వెల పంపిన చాలును. రథకారుడు రథమెక్కుటకు అంతకంటె ఎక్కువ అడుగుట లేదు.

వచ్చు వైశాఖమున మఠమునకు పోదలచినవారు చైత్రము వెళ్లకముందే తమ పేర్లను, ఇంటిలో ఎందఱో, అందు అఱువది దాటినవారెందఱో మహిళాశాఖ కార్యదర్శినిగారి వద్ద వ్రాయింపవలెను. డబ్బు ఆమె వద్దనే యుండును. సీట్లకు మించి ఒక్క పేరును వ్రాయనని ఆమె ముందే చెప్పినది.